పళ్ళావిడ చెప్పిన పుస్తకం

మా పుస్తకాల షాపులో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. అందరికీ ఆయన సిఫార్సుగారు. ఉద్యోగాలకో కాలేజీ సీట్లకో సిఫార్సు చేసే మనిషి అనుకునేరు, అంత పలుకుబడి ఆయనకి లేదు. ఆయన సిఫార్సు చేసేది పుస్తకాలు. నేను బిల్లు కౌంటర్లో కూర్చునేదాన్ని. చేరిన కొత్తలోనే అన్నయ్యా అని పిలవడం అలవాటైపోయింది, దాంతో వాళ్ళావిడ నాకు వదిన అయింది. ఇది వాళ్ళిద్దరి సంగతి. సగం నా కళ్ళముందే జరిగింది. మిగతా సగం ఆయనొకసారి, ఆవిడొకసారి నా దగ్గర వెళ్ళబోసుకున్నది.

షాపు అద్దాల తలుపు తోసుకుని లోపలికి రాగానే ఒక గుండ్రటి బల్ల ఉండేది. నెలనెలా వచ్చిన కొత్త పుస్తకాల్లోంచి ఏరి ఆ బల్ల మీద సర్దడం అన్నయ్య పని. అట్టపెట్టెలు విప్పిన రోజు ఆయనకి కాఫీ టీలు గుర్తుండేవి కావు. బల్ల మీద అన్నీ ఒకే రకం ఉండకూడదనేవాడు. "వచ్చేవాళ్ళందరికీ ఒకటే ఆకలి ఉండదమ్మా" అనేవాడు. ఒక లావుపాటి నవల పక్కన దుమ్ము గురించి ఎవరో శాస్త్రవేత్త రాసిన సన్న పుస్తకం పెట్టేవాడు. దాని పక్కన ఓడరేవులో క్రేను నడిపిన ఒకావిడ జీవితకథ. ఆ పక్కన, హత్య ఎవరు చేశారో చివరిదాకా అంతుపట్టని నవల. నిద్రపట్టనివాళ్ళ గురించి ఒక డాక్టరు రాసింది ఇంకోటి. నెలలో మొదటి ఆదివారం పొద్దున బల్ల పక్కన నిలబడి వాటి గురించి చెప్పేవాడు. కుర్చీలు చాలక జనం పై అంతస్తు మెట్ల మీద కూర్చునేవాళ్ళు.

బాగా చెప్పేవాడు, కాదనకూడదు. పుస్తకం చేతిలోకి తీసుకుంటే పసిపిల్లని ఎత్తుకున్నట్టుండేది. ఏ పుస్తకాన్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. "ఇది చదవకపోతే మీరు చాలా పోగొట్టుకున్నట్టే" అని ముగించేవాడు. ప్రతి పుస్తకానికీ అదే ముగింపు. అయినా జనం తలలూపి కొనుక్కుపోయేవాళ్ళు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారొకావిడ ముందు వరసలో కూర్చుని, ఆయన చేతిలోంచి దించిన పుస్తకాన్ని దించినట్టే తీసుకునేది. అన్నయ్యకి ఆవిడంటే మహా గౌరవం. ఆవిడ రాని ఆదివారం ఆయన గొంతు సగమే పలికేది.

అలా ఉండగా ఒకరోజు ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. చేతిలో తాళంచెవులు తిప్పుకుంటూ, "తాళాల పుస్తకం ఉందాండి? పళ్ళావిడ చెప్పింది" అన్నాడు.

తాళాల పుస్తకం అంటే, తాళం అనేది మనుషులు ఎందుకు కనిపెట్టారు, దొంగలు దాన్ని ఎలా దాటుకుంటూ వచ్చారు అని చెప్పే చరిత్ర. బల్ల మీద చోటు చాలక అన్నయ్య దాన్ని అటు బీరువాలో పెట్టాడు. ఆయన పుస్తకం తీసి ఇచ్చి, డ్రైవరు వెళ్ళాక నా వైపు తిరిగి నవ్వాడు. "విన్నావా? మూల మీద పళ్ళబండి ఆవిడ కూడా పుస్తకాలు చెప్తోందట."

ఆ వారంలో ఇంకో ఇద్దరు ముగ్గురు అదే మాటతో వచ్చారు. పళ్ళావిడ చెప్పింది, పళ్ళావిడ చదవమంది. అన్నయ్యకి కుతూహలం ఆగలేదు. భోజనం వేళ మూల మీదకి వెళ్ళి, ఊరికే అడిగితే బాగుండదని డజను అరటిపళ్ళు కొని, "మీరు పుస్తకాలు బాగా చదువుతారటగా" అన్నాడట. ఆవిడ ఎగాదిగా చూసి, "ఇంకాస్త వెయ్యి అని పీక్కుతినేవాళ్ళతోనే సరిపోతోంది బాబూ, చదువుకునే తీరిక ఎక్కడిది" అందిట. అరటిపళ్ళు మా అందరికీ పంచాడు.

మర్నాడు ఒకమ్మాయి బుగ్గ వాచిపోయి, నోట్లో దూదితో వచ్చింది. మాట సరిగ్గా రావడం లేదు. క్రేనావిడ జీవితకథ కావాలంది, పళ్ళావిడ చెప్పిందంది. అన్నయ్య నవ్వుతూ, "ఏ పళ్ళావిడమ్మా?" అన్నాడు. ఆ అమ్మాయి వేలు పెట్టి తన దవడ చూపించింది. "ఈ పళ్ళు. పక్క వీధిలో, కళ్ళజోళ్ళ షాపు పైన డాక్టరు గారి దగ్గర టోకెన్లు ఇచ్చే ఆవిడ."

నాకు నవ్వు ఆగక కౌంటరు కిందకి వంగిపోయాను. లేచి చూస్తే అన్నయ్య మొహంలో నవ్వు లేదు. కళ్ళజోళ్ళ షాపు పైన పళ్ళ డాక్టరు దగ్గర టోకెన్లు ఇచ్చేది వదిన.

వదిన చదువుతుందని ఆయనకి తెలియక కాదు. చదివి చూడ్డానికి షాపులోంచి ఇంటికి తెచ్చుకున్న పుస్తకాలు ఆయన భోజనాల బల్ల మీద పడేస్తే, ఆవిడ తీసి చదివి మళ్ళీ అక్కడే పెట్టేది. పొద్దుపోక చదువుతోందిలే అనుకునేవాడు. చదివింది ఇంకొకళ్ళకి చెప్తుందని గానీ, చెప్తే వినేవాళ్ళుంటారని గానీ ఆయన ఊహకి రాలేదు.

మొదటి రెండు మూడు రోజులు గొప్పగానే చెప్పుకున్నాడు. "పళ్ళావిడంటే ఎవరనుకున్నారు, మా ఆవిడే" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. ఇంటికెళ్ళి వదినతో కూడా నవ్వుతూనే అన్నాడట.

"ఏం చెప్తున్నావేమిటి వాళ్ళకి?"

"ఏముందండీ, సూదంటే భయపడి బిక్కచచ్చి కూర్చుంటారు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. పంటి గురించి మాట్లాడితే ఇంకా హడలిపోతారు. అందుకని పుస్తకాల గురించి మాట్లాడతాను."

అక్కడితో ఆగిపోయేదేమో. కానీ తర్వాతి నెల మొదటి ఆదివారం అన్నయ్య ఒక పడవవాడి నవల గురించి చెప్పాడు. ఎగువన వంతెన కట్టేసరికి పడవెక్కే జనం తగ్గిపోయిన మనిషి కథ. ఎంత బాగా చెప్పాడంటే మెట్ల మీద ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది చదవకపోతే మీరు చాలా పోగొట్టుకున్నట్టే" అని ముగించి, అలవాటుగా పుస్తకం ముందు వరసకి చాపాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు చెయ్యి చాపలేదు.

"అది సరేనండీ," అంది నెమ్మదిగా. "దీన్ని మీ ఆవిడ చదివిందా? ఏమంది?"

హెడ్‌మిస్ట్రెస్ గారికి కూడా పిప్పిపన్ను బాగుచేయించుకునే పని పడిందని అప్పుడు తెలిసింది.

ఆ రోజు అన్నయ్య భోజనం డబ్బా మూత తియ్యలేదు. అడిగితే ఆకలి లేదన్నాడు. కడుపు నిండా మంట పెట్టుకుని ఆకలెలా వేస్తుంది.

అప్పటినుంచి ఆయన చేసిన పనులు చూస్తే నవ్వొచ్చేది, పెద్దమనిషి కాబట్టి నవ్వకూడదని ఊరుకునేదాన్ని. ఎవరైనా పళ్ళావిడ పేరు ఎత్తితే చాలు, "అయిపోయిందండీ" అనేవాడు. తాళాల పుస్తకాలు నిచ్చెన వేసుకుంటే గానీ అందని అరలోకి పోయాయి. నిద్ర పుస్తకం వంటల పుస్తకాల వెనక్కి పోయింది. నేను చూశానని ఆయనకి తెలుసు. నా వైపు చూడకుండా, "అక్కడైతే ఎండ తగలదమ్మా" అన్నాడు. మా షాపులో ఎండ ఏ మూలకీ రాదు.

ఇంట్లో ఇంకో రకం. వదిన ఒక పుస్తకం సగంలో ఉందని కనిపెడితే, ఫలహారం దగ్గర కూర్చుని ఏమీ ఎరగనట్టు చివర ఏమవుతుందో చెప్పేసేవాడట. ఈతకొలనులో శవం దొరికే నవల మొదలుపెట్టిన మర్నాడే, "ఆ తోటమాలే చంపాడు తెలుసా, పాపం" అన్నాడట. వదిన చెంచా కింద పెట్టి ఆయన మొహంలోకి ఒక నిమిషం చూసి, మళ్ళీ తినడం మొదలుపెట్టిందట. అది ఆయనకే బెడిసికొట్టింది. ఆవిడ క్లినిక్కులో అందరికీ, "హంతకుడెవరో నాకు ముందే తెలిసిపోయింది, అయినా కిందపెట్టలేకపోయాను, అంత బాగుంది" అని చెప్పడంతో, ఆ నవల కోసం మా దగ్గర జనం క్యూ కట్టారు. అన్నయ్య గుర్రుగా పుస్తకాలు నా వైపు తోశాడు.

అందరూ అక్కడికెందుకు పోతున్నారో తెలుసుకోవాలని ఒకరోజు ఆ క్లినిక్కు మెట్లెక్కి, సగంలో గోడ వారన నిలబడ్డాడట. ఆయనే నాతో చెప్పాడు, అదీ చాలా రోజుల తర్వాత. లోపలి గదిలోంచి మిషను గుయ్యిమంటోంది. బయట ప్లాస్టిక్ కుర్చీల్లో వాచిన బుగ్గలు. వదిన ఎవరో ముసలాయనతో అంటోందిట, "మధ్యలో విసుగు పుడుతుంది, ఓ పాతిక పేజీలు దాటెయ్యండి, ఏం ఫర్వాలేదు." తర్వాత ఇంకెవరితోనో, "కిందటిసారి తీసుకెళ్ళింది ఎలా ఉంది? నచ్చలేదా? ఎక్కడ ఆపేశారు?" అనడిగిందట. పుస్తకాన్ని మధ్యలో దాటెయ్యమని చెప్పడం ఆయనకి మహాపాపంలా తోచింది. అంతకంటే, ఆ ముసలాయన పడిపడి నవ్వడం ఆయన భరించలేకపోయాడు. తన ఆదివారాల్లో జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అలా నవ్విందెప్పుడూ లేదు.

షాపు నడిపే మేడమ్‌కి ఈ గొడవేం తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా పుస్తకాలు కదులుతున్నాయని, అందరి నోటా పళ్ళావిడ మాట వినిపిస్తోందని. ఒక సాయంత్రం అన్నయ్యని పిలిచి, నా ఎదురుగానే అంది. "వచ్చే నెల బల్ల దగ్గర మీ ఆవిణ్ణి మాట్లాడమంటే ఎలా ఉంటుందండీ? మీకూ ఒక ఆదివారం సెలవు దొరుకుతుంది."

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అడిగి చూస్తానండి."

మర్నాడు పొద్దున వచ్చి, "రానందండి. నలుగురిలో మాట్లాడాలంటే కాళ్ళు వణుకుతాయట" అన్నాడు.

మేడమ్ "అయ్యో" అని ఊరుకుంది. నేను మాత్రం ఆయన మొహం చూశాను. పెద్ద బరువు దింపుకున్నట్టున్నాడు, అదే సమయంలో ఎవరో తరుముతున్నట్టూ ఉన్నాడు. వదిన కాళ్ళు వణికే మనిషి కాదు. నాకు బాగా తెలుసు. క్లినిక్కులో టోకెను లేకుండా లోపలికి దూరబోయిన పోలీసాయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. అయినా మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకని నోరు మూసుకున్నాను.

ఆ నెల తిరక్కుండానే మేడమ్‌కి జ్ఞానదంతం పోటు పెట్టింది. బుగ్గ పట్టుకుని పక్క వీధికి పరుగెత్తింది. తన వంతు వచ్చేదాకా వదిన ఎదురుగా కూర్చుని, మూలుగుతూనే, "మీకు జనమంటే భయమటగా. మా ఆయన కూడా అంతేలెండి. పోనీ నలుగురూ లేకుండా నాకొక్కదానికే చెప్పండి, నేను అందరికీ చెప్తాను" అందిట.

వదిన నాతో అంది: "ఒక్క క్షణం అర్థం కాలేదే. తర్వాత అంతా అర్థమైపోయింది. తాళాల పుస్తకం అయిపోయిందని అందరూ వచ్చి చెప్పడం, ఇంట్లో నేను చదివే ప్రతిదానికీ ముగింపు ఊడిపడటం, అన్నీ ఒక్కొక్కటీ వచ్చి వరసలో కూర్చున్నాయి."

మేడమ్‌తో మాత్రం ఆయన మాట తీసెయ్యలేదు. "అప్పుడు భయంగానే ఉండేదండి. ఇప్పుడు పోయింది. వస్తాను" అంది.

ఆ సాయంత్రం అన్నయ్య ఇంటికెళ్ళేసరికి వదిన వంటింట్లో గిన్నెలు తుడుస్తోందట. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నాకు కాళ్ళు వణుకుతాయటగా?"

అన్నయ్య సంచి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. ఏదో సర్దిచెప్పబోయి, చివరికి కుర్చీలో కూర్చుని, "ఓర్వలేకపోయాను" అన్నాడట.

"ఎవర్ని? నన్నా?"

"నిన్నే. ఇంకెవరో అయ్యుంటే ఇంత మండేది కాదేమో. నేను రోజూ చేసేదే నువ్వు కుర్చీలోంచి లేవకుండా చేసేస్తుంటే..."

వదిన గిన్నె పక్కన పెట్టి ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. "మా డాక్టరు గారైతే కుళ్ళిన పన్ను పీకి పారేస్తారు. మిమ్మల్నేం చెయ్యాలో నాకు తోచడం లేదు."

ఆయన నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. "ఊరందరికీ ఏం చదవాలో చెప్తారు. నేను మీ ఎదురుగా కూర్చుని ఇన్నేళ్ళు చదివాను. నువ్వేం చదువుతున్నావని గానీ, ఎలా ఉందని గానీ ఒక్కనాడైనా అడిగారా? మీరు అడుగుతారని మొదట్లో పుస్తకం తిరగేసి పెట్టేదాన్ని, కనబడాలని. తర్వాత మానేశాను. వాచిన బుగ్గలతో చెప్పుకోవడం సరదా అనుకున్నారా?"

ఆ తర్వాత వాళ్ళింట్లో మాటలు కావలసినంత మేరకే నడిచాయి. ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, గ్యాసు వాడొచ్చాడు. ఆయన తెచ్చిన పుస్తకాలు బల్ల మీద పడేసినవి పడేసినట్టే ఉండేవి. వదిన గ్రంథాలయంలో కార్డు తీసుకుని తన పుస్తకాలు తనే తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆ కార్డు ఆయన్ని పొడిచినంత ఏ తిట్టూ పొడవలేదు.

ఆదివారం రానే వచ్చింది. వదిన క్లినిక్కుకి వేసుకునే బూట్లే వేసుకుని వచ్చింది. జనం మామూలుకంటే ఎక్కువే. సగం మంది బుగ్గల్ని నేను ఆనవాలు పట్టగలిగాను. అన్నయ్య వచ్చి నా కౌంటరు పక్కన, రసీదు కాగితం చుట్టలు పేర్చుకుంటూ నిలబడ్డాడు. పేర్చిందే మళ్ళీ పేరుస్తున్నాడు.

వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా దగ్గరికొచ్చేవాళ్ళు నోరు తెరుచుకుని ఉంటారు కాబట్టి నాకెవరూ ఎదురు చెప్పరు. మీరు చెప్పచ్చు" అని మొదలుపెట్టింది.

ఆవిడ చెప్పిన తీరు ఇలా ఉంది. దుమ్ము పుస్తకం చదివాక మంచం కింద ఊడ్చేదాకా కూర్చోలేకపోయానంది, శుభ్రం పిచ్చి ఉన్నవాళ్ళు దాని జోలికి పోవద్దంది. నిద్ర పుస్తకం చదువుతూ రెండుసార్లు నిద్రపోయానని, అది పుస్తకం గొప్పతనమో లోపమో రాసిన డాక్టరే చెప్పాలని అంది. ఈతకొలను నవల దగ్గరకొచ్చేసరికి, "దీని గుట్టు మా ఆయన ఫలహారం దగ్గర విప్పేశారు. కావాలంటే మీకూ చెప్తారు, అక్కడే ఉన్నారు" అంది. అందరూ తిరిగి మా వైపు చూసి నవ్వారు. అన్నయ్య చేతిలోంచి కాగితం చుట్ట జారి గది మధ్యదాకా దొర్లుకుంటూ పోయింది.

పడవవాడి నవల గురించి మాత్రం ఆవిడ గొంతు మారింది. "మొదటి యాభై పేజీల్లో ఏమీ జరగదు. నాకు కోపం వచ్చింది. తర్వాత ఒకచోట, ఎక్కేవాళ్ళు ఎవరూ లేకపోయినా ఆ మనిషి పడవ శుభ్రంగా తుడిచి వేళకి అవతలి గట్టుకి వేసుకెళ్తాడు. అది చదివాక పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకో చెప్పలేను. మీకలా అనిపించకపోతే తెచ్చి ఇచ్చెయ్యండి."

నేను ఓరకంట అన్నయ్యని చూశాను. ఆయన తన ఆదివారం అదే పడవ గురించి కళ్ళనీళ్ళు తెప్పించేలా చెప్పాడు. కానీ వదిన రెండు ముక్కల్లో తేల్చేసరికి, ఆయన మొహం పిండేసిన గుడ్డలా అయింది. నాకు జాలేసింది. నిజం చెప్పొద్దూ, ఆయన తప్పు చేశాడని తెలిసినా జాలేసింది.

ఇంతలో వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. "మా అమ్మాయికి పన్నెండేళ్ళండి. పెద్ద మిషన్లంటే పడిచస్తుంది. క్రేనావిడ పుస్తకం దానికివ్వచ్చా?"

వదిన ఆలోచించి, "తెలియదండి. పెద్దవాళ్ళ కోసం రాసిన పుస్తకమే, నేనూ మధ్యలో కొన్ని పేజీలు దాటేశాను. ఆ వయసు పిల్ల చేతిలో పెట్టచ్చో లేదో చెప్పే తెలివి నాకు లేదు" అంది. అని, అన్నయ్య వైపు చూసింది.

అన్నయ్యకి తెలుసు. ఆ పుస్తకం ఆయన రెండుసార్లు చదివాడు. అందులో ఒక అధ్యాయంలో గొలుసు తెగి పక్కనున్న మనిషి చనిపోతాడు, చూసినదంతా క్రేనావిడ దాచకుండా రాసింది. ఆయన నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. రసీదు చుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. జనానికి మాత్రం ఆవిడ "తెలియదు" అన్న మాట ఎంత నచ్చిందో. ఎవరో "అలా చెప్పాలి" అన్నారు కూడా. ఇన్నేళ్ళలో అన్నయ్య నోట ఆ మాట మేమెవరమూ వినలేదు. ఆ తండ్రి చివరికి పుస్తకం కొనుక్కునే వెళ్ళాడు. బిల్లు నేనే చేశాను.

జనం పల్చబడ్డాక అన్నయ్య కుర్చీలు మడుస్తూ వదిన దగ్గరకొచ్చాడు. తలెత్తకుండా, "అందులో ప్రమాదం ఉంది. చాలా ఘోరంగా రాసింది. చిన్నపిల్ల జడుసుకుంటుంది" అన్నాడు.

"నేను మీ వైపు చూశాను కదా" అంది వదిన.

అంతే అంది. ఆయన మడుస్తున్న కుర్చీని అలాగే నేల మీద వదిలేసి బయటికి పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన అంత జోరుగా పోగలడని నేననుకోలేదు. అద్దాల్లోంచి చూస్తే బస్టాపు దాకా పోయి, బస్సెక్కబోతున్న ఆ తండ్రి భుజం పట్టుకున్నాడు. వాళ్ళేదో మాట్లాడుకున్నారు. ఆ బస్సు వెళ్ళిపోయింది, ఆ తండ్రి ఇంకో బస్సు కోసం ఆగాల్సి వచ్చింది.

రొప్పుతూ తిరిగొచ్చి, "ఆ ఒక్క అధ్యాయం తనే పక్కన కూర్చుని చదివి వినిపిస్తాడట" అన్నాడు. వదిన మంచినీళ్ళ గ్లాసు అందించింది.

సోమవారం పొద్దున్నే మేడమ్ గదిలోకి వెళ్ళి, వదిన ఎప్పుడూ రానని అనలేదని, అసలు తను అడగనే లేదని చెప్పేశాడు. మేడమ్ కాగితాల్లోంచి తలెత్తి, "మీ ఆవిణ్ణి చూసిన రోజే అర్థమైందిలెండి" అందిట. అంతకుమించి సాధించలేదు. పై నెల నుంచి బల్ల ఇద్దరిదీ అని మాత్రం తేల్చి చెప్పింది.

అప్పటినుంచి అన్నయ్య మారిపోయాడని నేను చెప్తే మీరు నమ్మకండి. మంట అంత తేలిగ్గా ఆరేది కాదు. పళ్ళావిడ కోసం ఎవరైనా వస్తే ఇప్పటికీ ఆయన దవడ బిగుసుకుంటుంది. కాకపోతే పుస్తకాలు పై అరలోంచి కిందకి దిగాయి. ఇంకో కొత్త పని కూడా మొదలుపెట్టాడు. కొనుక్కుపోయినవాళ్ళు మళ్ళీ వస్తే, "కిందటిసారిది ఎలా ఉందండీ?" అని అడగడం. మొదట అడిగింది హెడ్‌మిస్ట్రెస్ గారినే. ఆవిడ బోలెడు మొహమాటపడి, చివరికి అంది:

"ఏమనుకోకండి. మీరిచ్చినవాటిలో సగం పూర్తిచెయ్యలేకపోయాను. మీరు అంత ముచ్చటగా చెప్తుంటే కాదనలేక తీసుకునేదాన్ని."

అన్నయ్య పాలిపోయాడు. కుర్చీ తెచ్చి ఆవిణ్ణి కూర్చోబెట్టి, తనూ స్టూలు లాక్కుని, "ఏవి నచ్చలేదో చెప్పండి" అన్నాడు. ఆవిడ చాలాసేపు చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఆవిడ వెళ్ళాక నా దగ్గరకొచ్చి, "పొగరుగా బతికానమ్మా" అన్నాడు. ఓదార్చబోతే వద్దని చెయ్యి ఊపాడు.

ఇంట్లో సంగతి వదిన చెప్పింది. ఒక సాయంత్రం ఆవిడ గ్రంథాలయం పుస్తకం చదువుకుంటుంటే ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "ఎలా ఉంది?" అన్నాడట, పరాయి వాళ్ళింటికొచ్చిన అతిథిలా. వదిన ఆ పూటకి "బాగానే ఉంది" అని ఊరుకుంది. వెంటనే లొంగిపోతే అలుసైపోతానని. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ మర్నాడు కూడా. నాలుగో నాడో అయిదో నాడో ఆవిడ ఏం బాగాలేదో చెప్పడం మొదలుపెట్టింది, ఆయన ఒప్పుకోలేదు, అన్నాలు చల్లారిపోయేదాకా వాదించుకున్నారు.

మొన్న కొత్త అట్టపెట్టెలు వచ్చాయి. తేనెటీగల గురించి ఒకటి, పాత సినిమా హాళ్ళు మూతపడటం గురించి ఒకటి, అత్తాకోడళ్ళు కలిసి బేకరీ పెట్టే నవల ఒకటి. వదిన డ్యూటీ దిగి వచ్చి అన్నయ్యతో కలిసి బల్ల సర్దుతోంది. బేకరీ నవల ఆయనకి ప్రాణం, ఆవిడకి పరమ చిరాకు. దాన్ని ముందు పెట్టాలని ఆయన, వెనక పెట్టాలని ఆవిడ. ఇంతలో ఒకతను లోపలికి వచ్చి ఆ నవలే చేతిలోకి తీసుకుని, "ఇది ఎలా ఉంటుంది?" అన్నాడు.

"నాకు చాలా నచ్చింది," అన్నాడు అన్నయ్య. తర్వాత ఆ మాట మింగుడుపడనట్టు కాస్త ఆగి, "మా ఆవిడకి నచ్చలేదు. ఎందుకో ఆవిణ్ణే అడగండి" అన్నాడు.

వదిన చెప్పడం మొదలుపెట్టింది. అతను ఆవిడ వైపు తిరిగిపోయాడు. అన్నయ్య చేతులు కట్టుకుని, దవడ బిగించి, ఆఖరిదాకా విన్నాడు.